మోటార్లన్నీ ఒక్కసారే

"గిన్నెలు తోమే పీచుతో బూట్లు తుడిచిందెవరు?"

ఏజెంట్ తొమ్మిది తలెత్తలేదు. మూడు దేశాల్లో హంతకులను మాటలతోనే బోల్తా కొట్టించినవాడు, భార్య చేతిలోని బురద పీచు ముందు నీళ్ళు నమిలాడు.

"కొత్తది తెస్తాలే."

"పోయిన వారమూ తెచ్చారుగా, మాటల్లో!"

"పీచు కోసం ప్రాణాలు తీసుకోకండర్రా," అంది మంచం మీది నుంచి అతని తల్లి. ఆమె ముక్కుకు గొట్టం, పక్కన కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను. కరెంటు పోతే దాని బ్యాటరీ నలభై నిమిషాలే.

ఫోన్ మోగింది. "మీ కుట్టుమిషను బాగైంది. పట్టుకెళ్ళండి."

ఇంట్లోవాళ్ళ దృష్టిలో కరెంటాఫీసు గుమస్తా అయిన తొమ్మిది, ఆ రహస్య సంకేతం విని బూట్లు తొడుక్కున్నాడు.

బాస్ నిలబడే చెప్పాడు. "పది రోజులుగా బొగ్గు కేంద్రాలు ఆపి ఎండతో, గాలితో దేశాన్ని నడుపుతున్నాం. ఇవాళ ఆఖరి పరీక్ష. గెలిస్తే రేపు బొగ్గు మానేసే చట్టం. ఓడితే విదేశీ ఇంధన ముఠాకు నలభై ఏళ్ళ కాంట్రాక్టు. ఇవాళ పొద్దుగూకేవేళ ఆ ముఠా దేశం మొత్తం కరెంటు గ్రిడ్‌ని పడగొడుతుందట. పడితే లేపడానికి మూడు రోజులు."

మూడు రోజులు. అమ్మ మిషను బ్యాటరీ నలభై నిమిషాలు.

"బాంబు ఎక్కడ?"

"అదే తెలియదు. లోపల మన మనిషి ఉంది. వెళ్ళు."

సాయంత్రం ఆరున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఆఫీసు పదో అంతస్తుకు చేరాడు. స్క్రూడ్రైవర్ పిడిలో మైకు, చెవిలో ఇయర్‌పీస్. తలుపు తీసింది ముఠా నాయకుడి సెక్రటరీ. చూసినవాడు చూపు తిప్పుకోలేనంత అందం. రెండేళ్ళుగా ఆమె జీతం ముఠా దగ్గర, విశ్వాసం బాస్ దగ్గర.

"బాంబు లేదు," అందామె. "మెసేజ్ ఉంది. విద్యుత్ శాఖ పేరుతో ఇప్పుడే కోటి ఫోన్లకు పోయింది."

స్క్రీన్ చూపించింది. ఏడు గంటల నుంచి మూడు రోజులు కరెంటు ఉండదు. నీళ్ళు నింపుకోండి, అన్నీ చార్జ్ చేసుకోండి.

కోటి ఇళ్ళలో నీళ్ళ మోటార్లన్నీ ఒక్కసారే! అదీ సూర్యుడు దిగే వేళకు!

"గ్రిడ్ ఫ్రీక్వెన్సీ యాభై ఉండాలి. వాడకం పెరిగి నలభై ఎనిమిదిన్నరకు పడింది!" ఇయర్‌పీస్‌లో బాస్ అరిచాడు. "నలభై ఏడున్నర దాటి దిగిందా, అయిపోయినట్టే. కంగారు పడొద్దని ప్రకటన ఇస్తున్నాం."

"ఇవ్వకండి సార్! ప్రభుత్వం కంగారు పడొద్దంటేనే జనం అసలు కంగారు మొదలవుతుంది."

"మరి చావమంటావా?"

తొమ్మిది కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా సోలార్ పలకలు పెట్టించుకోమంటే జనం ఏమన్నారు? రేపు చూద్దాంలే అన్నారు.

"అదే పేరుతో ఇంకోటి పంపగలవా?" అని సెక్రటరీని అడిగాడు. "కోత ఇవాళ కాదు, రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకు అని."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. కారిడార్‌లో బూట్ల చప్పుడు. ఆమె అతన్ని బాల్కనీలోకి నెట్టి, కంప్యూటర్ తెర ఆర్పేసింది. లోపల మెసేజ్ వెళుతూనే ఉంది.

అద్దంలోంచి చూశాడు. ఇద్దరు వచ్చి ఆమె రెక్క పట్టుకున్నారు. అతని చేయి తలుపు మీదకు పోయింది. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను దూకితే వాళ్ళు కంప్యూటర్ తీగ పీకేస్తారు, మెసేజ్ ఆగిపోతుంది.

"నలభై ఏడు ముప్పావు... నలభై ఏడు పాయింట్ ఆరు..." చెవిలో బాస్ లెక్క చెబుతున్నాడు.

ఆమెను ఈడ్చుకుపోయారు. అతను కదల్లేదు.

"నలభై ఏడు పాయింట్ ఐదు ఐదు... ఆగు. ఆగింది! లేస్తోందయ్యా! మోటార్లు ఆపేస్తున్నారు!"

మర్నాడు చట్టం నెగ్గింది. మధ్యాహ్నం జనం మోటార్లన్నీ వేసుకున్నారు. మండుటెండలో గ్రిడ్ చలించలేదు. ఆమె సంగతి అడిగితే బాస్ ఒకే మాటన్నాడు. "ఆవిడెవరో మనకు తెలియదు."

భోజనాల దగ్గర తొమ్మిది కంచంలో చేయి పెట్టలేదు.

"నేను క్యాంపుకెళ్తున్నాను. ఆఫీసు వద్దంది. అయినా వెళ్తున్నా."

"ఎవరి కోసంరా?" అంది తల్లి.

"నిన్న మనింట్లో కరెంటు పోకుండా చూసిన మనిషి కోసమమ్మా."

భార్య అతని కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

"అయితే కడుపునిండా తిని వెళ్ళండి. ఆకలి మీదున్నప్పుడు మీకు అబద్ధాలు సరిగ్గా రావు."