హారన్‌కు మళ్లిన గొంతు

మునికృష్ణ మైకుసెట్టు మనిషి. చిత్తూరులో పెళ్లయినా, ఐరాలలో జాతరైనా అతని సెట్టు మోగాల్సిందే. ఆ ఏడు ఒక పాత టూరింగ్ టాకీసు మూతపడితే, తెర వెనకుండే స్పీకర్లను బండి కట్టి ఇంటికి తోలుకొచ్చాడు. బీరువా అంత చెక్క బాక్సు ఒకటి, దాని నెత్తిన కూర్చోబెట్టే ఇనప హారన్ ఒకటి. ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఇంకో ఏడైతే అతని పెళ్లాం దేవకమ్మ ఇల్లు పీకి పందిరేసి ఉండేది. ఈసారి మాత్రం తనే దగ్గరుండి దింపించింది.

ఎందుకంటే వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ మునిలక్ష్మి ఆ చలికాలంలోనే జ్వరమొచ్చి పోయింది. ఒక ఫోటో అయినా తీయించలేదు ఎన్నడూ. మిగిలిందల్లా ఒక స్పూలు టేపు. అంతకు ముందు కాణిపాకం తిరునాళ్లలో ఆ పిల్ల నాయన చూడకుండా మైకు పట్టుకుని ఏదో మాట్లాడింది. అది టేపులో పడింది. పడి ఏం లాభం? పక్కనే పలక డప్పులు వాయిస్తున్నారు. ఆ మోతలో బిడ్డ మాట మునిగిపోయింది.

"ఏమయ్యా, ఊరికంతా మైకు పెడతావే. నా బిడ్డ ఏమనిందో నాకు ఒక్కసారి ఇనిపించలేవా?" అని దేవకమ్మ ఏడుస్తుంటే అతనికి ముద్ద దిగేది కాదు.

ఉన్న దారి ఒక్కటే, క్రాసోవర్. ఏముంది అందులో? ఒక రాగితీగ చుట్ట, ఒక కండెన్సర్. దానికి సొంత కరెంటు లేదు. అది ఏ శబ్దాన్నీ పుట్టించదు, వచ్చినదాన్ని పంచుతుంది, అంతే. లావు శబ్దం బాక్సుకు, సన్న శబ్దం హారన్‌కు. టాకీసు వాళ్ల పాత క్రాసోవర్‌తో బిడ్డ గొంతు సగం పలకలతో పాటు బాక్సుకే పోతోంది. చుట్లు పెంచి, కండెన్సర్ పెద్దది వేస్తే గొంతంతా హారన్‌కు మళ్లుతుందని మునికృష్ణ ఆశ.

ఒక మధ్యాహ్నం తలుపులు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి, ఇద్దరూ కూర్చున్నారు. పట్టపగలే చీకటి. ఆంప్లిఫయర్ వాల్వుల ఎర్రటి వెలుగు ఒక్కటే ఉంది. టంకం పొగ, ముక్కిపోయిన చెక్క వాసన. టేపు తిరిగింది. కింద బాక్సులో పలకల మోత. పైన హారన్‌లో... సన్నగా... ఎక్కడో దూరంగా...

"నాయనా..."

దేవకమ్మ అతని చెయ్యి పట్టేసుకుంది. "నా తల్లే! ఇంకొంచెం... ఇంకొంచెం తెప్పీయయ్యా."

ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి అలా అయిందనుకున్నాడు. మరో వరస తీగ చుట్టి టంకం పెట్టాడు.

"నాయనా, నా గొంతు ఇనబడతాండాదా?"

ఎదురుగా నిలబడి అడిగినట్టే ఉంది. మునికృష్ణకు కళ్ల నీళ్లు ఆగలేదు. అంతలోనే గమనించాడు. బాక్సులో పలకలు లేవు. అది ఎప్పుడో మూగబోయింది.

"జొరం తగ్గిపోయినాది నాయనా."

అతని చెయ్యి ఆగిపోయింది. తిరునాళ్ల నాటికి పిల్లకు జ్వరమే లేదు.

"ఇన్నావా మే?" అంటూ తిరిగి చూశాడు. దేవకమ్మ పెదవులు కదిలాయి. గుసగుస కూడా సరిగ్గా రాలేదు. "ఇంకా..."

క్రాసోవర్ ఏదీ పుట్టించదు. వచ్చినదాన్ని పంచుతుంది. మరి టేపులో లేని ఈ గొంతు ఎక్కడి నుంచి వస్తోంది?

"సాలు మే. ఆపేస్తా. నీ గొంతు పోతాండాది."

ఆమె అతని కాళ్లు చుట్టేసుకుంది. హారన్ చూపించి, చేతులు జోడించింది. పోతే పోనీ అన్నట్టు తన గొంతు మీద తనే కొట్టుకుంది. అయ్యో, ఆ మొహం చూస్తూ ఏ మొగుడు కాదనగలడు? పాపం, మెత్తబడిపోయాడు. ఇంకొక్క వరస చుట్టాడు.

టేపు అయిపోయింది. కొస టపటపా కొట్టుకుంటోంది. హారన్ మాత్రం ఆగలేదు.

"అమ్మ వచ్చేసినాది నాయనా."

ఆ వెనకే జోలపాట... నిండు గొంతుతో, దేవకమ్మ జోలపాట. పక్కన దేవకమ్మ నోరు మూసుకుని కూర్చుని ఉంది. కళ్లు హారన్ మీదే. మొహంలో నవ్వు.

మునికృష్ణ కటింగ్ ప్లయరు అందుకున్నాడు. ఒక తీగ కోశాడు. రెండోదీ కోశాడు. ఆంప్లిఫయర్ ఆర్పేశాడు. వాల్వులు నల్లబడ్డాయి.

జోల సాగుతూనే ఉంది.

"నువ్వూ రా నాయనా..."

"దేవకా!" అని ప్రాణం పోయేటట్టు అరిచాడు. నోరు తెరుచుకుంది. మెడ నరాలు బిగిశాయి. ఇంట్లో చిన్న సవ్వడి కూడా లేదు. తన అరుపు తనకే వినిపించలేదు.

చీకట్లో జోలపాట ఆగింది. తీగలు తెగిన ఆ హారన్‌లోంచి మునికృష్ణ గొంతు, అతను అనని మాట, మెల్లగా అంది.

"వస్తాండా తల్లీ."