గళ్ళ పుస్తకం

ధర్మవరం నుంచి వచ్చిన యువకుడు కుర్చీ చూపించినా కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"సార్, నా పుస్తకం ఎవరో ఎత్తుకుపోయినారు. ఎనిమిది దినాల్లో మద్రాసులో ఓడ ఎక్కాల. అది లేకుండా పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే."

గంగాధరప్ప పోలీసు ఉద్యోగం వదిలి హిందూపురంలో ప్రైవేటు డిటెక్టివుగా కుదురుకుని ఏడేళ్ళయింది. 1964 ఎండాకాలం అది. పక్కన పెన్సిలు పట్టుకుని కూర్చున్న హనుమంతప్ప ఆయన సహాయకుడు, రైల్వేలో గుమాస్తాగా చేసి మానుకున్నవాడు. మనుషులంటే పెద్దగా నమ్మకం లేని హనుమంతప్పకు గంగాధరప్ప ఒక్కడి మీదే గురి.

"పోలీసుల దగ్గరికి పోలేదా అప్పా?"

"పోయినా. పుస్తకమా అని నవ్వినారు."

యువకుడి పేరు చెన్నకేశవులు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి లక్ష్మీనరసయ్య శెట్టి కొడుకు. రెండేళ్ళుగా సియోల్‌లో ఒక విశ్వవిద్యాలయంలో కొరియా భాష, భాషాశాస్త్రం చదువుతున్నాడు.

"ఆ చదువు ఎట్లుంటుంది?" అని గంగాధరప్ప అడిగాడు. హనుమంతప్పకు ఆశ్చర్యమైంది. కేసుకు పనికిరాని ప్రశ్న ఆయన వేయడు.

"మొదట్లో నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు సార్. ఇంత మనిషిని, మూడేండ్ల బిడ్డ మాటలు. గది నడుమ బొగ్గుపొయ్యి, దాని చుట్టూ పదకొండు మందిమి. పంతులమ్మ ఒక మాట చెప్తే అందరం నలభైసార్లు అనాల. ఒక దినం ఆమె చెప్పిన వాక్యం అచ్చం మన మాట నడక మాదిరే నడిచింది. ఆ దినం ఏడ్చినా. ఇంటికి పోయినట్లుండె."

"ఇప్పుడు ఇంట్లోనే ఉండావు గదా."

"ఇప్పుడు ఆ పొయ్యి గుర్తుకొస్తాండాది."

రెండో ఏడు ప్రొఫెసరు ఒక్కొక్కరిని ఒక్కో యాస రాసుకురమ్మని పంపాడు. చెన్నకేశవులుకు సంతలో కూరగాయలమ్మే ముసలామె దొరికింది. యుద్ధంలో ఉత్తరాది నుంచి పారిపోయి వచ్చినామె. వెనక సరిహద్దు మూసేశారు, ఆమె మళ్ళీ ఊరు చూడలేదు. ఏడాదిపాటు ఆమె మాటలన్నీ ఆ పుస్తకంలోనే రాసుకున్నాడు. మొన్న చలికాలంలో ఆమె పోయింది. ఆ రాతకు నకలు లేదు.

"ఎవరిమీద అనుమానం?"

చెన్నకేశవులు తల దించుకున్నాడు. "ఇంట్లోవాళ్ళ మీదే."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ధర్మవరంలో దిగారు. చెన్నకేశవులు చదువుకునే గది కిటికీ వెనకనున్న మగ్గాల కొట్టంలోకి తెరుచుకుంటుంది. మేజా మీద చేతిగడియారం, పెన్ను, నాలుగు అచ్చుపుస్తకాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. గంగాధరప్ప పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచాడు. నాలుగింటి లోపలి పేజీల మీదా బూడిదరంగు మరకలు. బొటనవేలు, చూపుడువేలు, అంతే.

"పొడి బూడిద" అన్నాడాయన. "రాసుకో హనుమంతప్పా."

లక్ష్మీనరసయ్య మండిపడ్డాడు. "నా ఇంట్లోకి డిటెక్టివును తెస్తావురా? వీణ్ణి రప్పించేదానికి తంతి ఇచ్చింది నేనే. జబ్బని రాయించింది నేనే. అబద్ధమే. కొడుకును చూసుకోవాలనుకునేది నేరమా?"

"మళ్ళీ పోకూడదని పుస్తకం దాచినారా?"

"దాచాలంటే ఓడ టికెట్టే దాచుంటును."

కోడలు అమృతవల్లి పెరట్లో బూడిదతో గిన్నెలు తోముతోంది. ఆ చేతులు చూసి హనుమంతప్ప తనలో తాను కేసు ముగించేశాడు.

"పుస్తకం పొయ్యిలో పెడతానన్నావంట గదమ్మా?" అని గంగాధరప్ప అడిగాడు.

"అంటిని. పెండ్లయి రెండేండ్లు దాటింది, నాతో ఉన్నది నూరు దినాలు. ఆ ముసలామె దగ్గినా రాసుకున్నాడంట. నేను మాట్లాడింది ఒక్క ముక్కయినా రాసుకున్నాడేమో అడగండి." ఆమె మోచేతితో కళ్ళు తుడుచుకుంది. "కాల్చేదానికి చేతులు రాలేదు."

కొట్టంలో మూడు మగ్గాలు. రెండు ఆడుతున్నాయి. మూడోదానిమీద గుడ్డ కప్పి ఉంది. దాని పక్కన ముసలి నేతగాడు రంగప్ప తెగిన పట్టుపోగులు అతుకుతున్నాడు. పోగు జారకుండా చిప్పలోని బూడిద వేళ్ళకు అద్దుకుని మెలిపెడుతున్నాడు.

"పెండ్లిళ్ళ కాలంలో మగ్గం కప్పినావేమప్పా?"

"పోగులు తెగుతాండాయి సామీ" అన్నాడు రంగప్ప, తలెత్తకుండా.

గంగాధరప్ప చెన్నకేశవులును గదిలోకి పిలిచాడు. "నువ్వు యాడ కూర్చుని రాస్తావు?"

"కిటికీ దగ్గర. రంగప్పో ఇంకొకరో తొంగిచూస్తే పుస్తకం మూసేస్తా. కాగితం మీద వాళ్ళ ఒంటిమీది పోగులధూళి పడుతుందని."

"ఆ పుస్తకంలో మాదిరి కాగితం ఒకటి చూపించు."

చెన్నకేశవులు పెట్టెలోంచి ఒక కాగితం తీశాడు. నిండా ఎర్రగళ్ళు. గడికొక అక్షరం రాయాలని అక్కడి పద్ధతి. ఒక్కో గడిలో చిన్న సున్నా, అడ్డగీత, ఇంటికప్పులాంటి గుర్తు. గంగాధరప్ప చాలాసేపు చూశాడు.

అందరినీ కొట్టంలోకి రమ్మన్నాడు. ఆడుతున్న మగ్గాలు ఆగిపోయాయి.

"దొంగ నాలుగు పుస్తకాలు తెరిచి చూసి, అయిదోది తీసుకున్నాడు. శెట్టిగారికి గాని కోడలికి గాని వెతకాల్సిన పని లేదు. ఆ పుస్తకం మీద పగపట్టినవాళ్ళు, దాని అట్ట చీకట్లో గుర్తుపడతారు. గిన్నెలు తోమే చేయి తడిగా ఉంటుంది, అరచేయంతా అంటుతుంది. పొడి బూడిద, రెండే వేళ్ళు అంటే పోగులు అతికే చేయి. గడియారం వదిలినవానికి కావలసింది డబ్బు కాదు. అచ్చుపుస్తకాలు వదిలినవానికి కావలసింది చదువూ కాదు. వానికి కావలసింది గళ్ళకాగితం. ఈ ఊర్లో గళ్ళకాగితం మీద గీసేది ఒక్కటే. చీర అంచు."

ఆయన మగ్గం మీది గుడ్డ లాగేశాడు.

ఎర్రటి పట్టు మీద జానెడు అంచు. బంగారు జరీలో సున్నాలు, గీతలు, ఇంటికప్పులు. పైన గుచ్చిన కాగితం, చెన్నకేశవులు రాతే. మగ్గం గుంతలో పంచెగుడ్డలో చుట్టిన పుస్తకం దొరికింది. ఆ ఒక్క కాగితం తప్ప ఏదీ చింపలేదు.

రంగప్ప బుకాయించలేదు. "ముప్పై ఏండ్లుగా శెట్టి ఇచ్చిన హంస, శెట్టి ఇచ్చిన మామిడిపిందె, ఇవే అంచులు నేస్తి. నాకు చూపు పోతాండాది. దేశాలు తిరిగొచ్చినోడు కొత్త అంచు గీస్తాండాడు, అది వేరేవాని మగ్గానికి పోతాదనుకుంటి. ఒక్కటి నేసి పోదామనుకుంటి."

"నన్ను అడిగితే చెప్పేవాణ్ణి గదా రంగప్పా!"

"చాటుగా గీసుకునే అంచును యాడైనా అడుగుతారా చిన్నశెట్టీ?"

ఆ ఊరి మగ్గాల మీద అది నిజమే. నేసి చీర దించేదాకా కొత్త అంచు సంగతి ఎవరూ ఎత్తరు. అడిగినవాడు దొంగకింద లెక్క.

"కోసెయ్" అన్నాడు లక్ష్మీనరసయ్య. "రేపటినుంచి రావద్దు."

గంగాధరప్ప చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. రంగప్పే కత్తి తీసి జానెడూ కోశాడు. కోసినది చెన్నకేశవులు చేతిలో పెట్టి అడిగాడు.

"ఏముండాదప్పా దాంట్లో?"

చెన్నకేశవులు జరీమీద వేలు పెట్టి చదివాడు. "మా బావినీళ్ళు తాగి పన్నెండేండ్లయింది, అని. అక్కడ ఒక ముసలామె చెప్పిన మాట."

"ఆ యమ్మ పేరేంది?"

"పేరు..." చెన్నకేశవులు పుస్తకం తెరిచాడు. గబగబా పేజీలు తిప్పాడు. "పేర్లకు బదులు నంబర్లే వేయమన్నాడు ప్రొఫెసరు. ఈమె ఏడో నంబరు. నేను అవ్వా అని పిలుస్తాంటి."

"ఒక ఏడంతా పిలిచి, అడగలేదా?"

రంగప్ప తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చెన్నకేశవులు ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. తలుపు పక్కనుంచి అమృతవల్లి చూస్తోంది.

"పేరు లేదా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం బండిలో డిటెక్టివు, సహాయకుడు తిరిగి బయల్దేరారు. పెనుకొండ కొండ ఎండలో వెనక్కి పోయింది. కేసు బాగా తేలిందని హనుమంతప్ప అనాలి. ప్రతిసారీ అంటాడు. ఇవాళ అనలేదు.

అతని భార్య పోయి ఆరేళ్ళయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమెను ఒక్కసారైనా పేరుపెట్టి పిలవలేదు. ఏమే అంటే పలికేది, అదే చాలనుకున్నాడు.

కిటికీవైపు తిరిగి మెల్లగా అన్నాడు. "సుబ్బలక్ష్మమ్మ."

కునుకుతున్న గంగాధరప్ప కళ్ళు తెరిచాడు. "ఎవరామె? ఈ కేసులో లేదే."

"మా ఇంటామె, సార్" అన్నాడు హనుమంతప్ప.