రెండో ఒబో

శనివారం పొద్దున్న సిగ్రూన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గ్లాసులో నానుతున్న, సన్నాయి లాంటి ఒబోకి బిగించే పీకల వంక చూస్తూ ఉండిపోయింది. రాత్రంతా పడుకున్నా ఒళ్లు తేలికపడలేదు. భర్త రైన్‌హార్ట్ అప్పటికే తయారయ్యాడు. కూతురు ఆంట్యె తను ఊదే పొడవాటి వాద్యం బసూన్ పెట్టెను గుమ్మం దగ్గర పెట్టి, రొట్టెకు వెన్న రాసుకుంటోంది.

నౌమ్‌బుర్గ్ పట్టణంలో వాళ్ల సంగీత బృందానికి ఆ కుటుంబమే ఆధారం. మూడొందల ఏళ్ల కిందటి బరోక్ కాలపు సంగీతాన్ని ఆనాటి తీరు ఊదువాద్యాల మీదే వాయిస్తారు. పై స్వరాలు పలికే మొదటి ఒబో రైన్‌హార్ట్‌ది. పక్క కుర్చీలో రెండో ఒబో సిగ్రూన్‌ది. పెళ్లికి ముందు నుంచీ అదే వరస.

"ఇంకా లేవవేం? సాధనకి చర్చిలో అందరూ వచ్చేసుంటారు. పెంతెకొస్తు పండగ కచేరీ ముంచుకొస్తోంది," అన్నాడు రైన్‌హార్ట్.

"నేను రాను."

"జ్వరమా?"

"కాదు. అలసిపోయాను, అంతే."

"రెండో ఒబోకే అంత అలసటైతే నేనేమైపోవాలి? నీవన్నీ కింది స్వరాలేగా! సరే, హాలే ఊరి నుంచి ఎవర్నో పిలుస్తాలే. రెండు రోజుల్లో నేర్చేసుకుంటారు."

ఆంట్యె కత్తి కింద పెట్టింది. "పిలువు నాన్నా. నీ పై స్వరాలు కూడా వాళ్లే వాయించాలని ముందే చెప్పు."

"ఏంటే నువ్వనేది?"

"ఆంట్యె, వద్దు," అంది సిగ్రూన్.

"ఇంకెన్నాళ్లమ్మా దాస్తావ్? పళ్లు కట్టించుకున్నప్పటి నుంచీ నాన్న పెదవి పట్టు తప్పింది. పాట పైకెళ్లే చోటల్లా నువ్వే అందుకుంటున్నావు. వెనకే కూర్చుంటాను, నాకు వినపడదా? నాన్నా, బృందంలో అందరికీ తెలుసు, నీకు తప్ప."

రైన్‌హార్ట్ ఒబో తీసి, పీక బిగించి, కిటికీ దగ్గర నిలబడి వాయించాడు. కింది స్వరాలు నున్నగా పలికాయి. పాట పైకెక్కేసరికి పెదవి మూల నుంచి గాలి బుస్సుమంది. మళ్లీ ఊదాడు. మళ్లీ అంతే. ఆ తర్వాత ఇక ప్రయత్నించలేదు. వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"కచేరీ అయ్యాక నీ మొహం వెలిగిపోయేది. ఏమని చెప్పను?"

అతను బల్ల మీదున్న ఆమె స్వరాల కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు నాది వాయిస్తుంటే, నీది ఎవరు వాయించారు?"

"ఎవరూ వాయించలేదు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అలసట తప్ప. అదే అతన్ని ఎక్కువ కోసింది.

"నువ్వు పడుకో," అన్నాడు చివరికి. ఆమె స్వరాల కాగితాలు తీసుకుని కూతురి వెంట బయటికి నడిచాడు.

చర్చిలో తన కుర్చీ ఖాళీగా వదిలేసి భార్య కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. తేలికనుకున్న వరస అది. ఊపిరి తీసుకునే జాగా కూడా లేదు. నెమ్మదిగా సాగే భాగంలో కింది ఒబో ఒంటరిగా ఒక మాట చెబుతుంది. ఇన్నేళ్లుగా తను అక్కడ తన తర్వాతి స్వరం కోసం తాళం లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు. ఆ చోటికొచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగి స్వరాలు కనపడలేదు. ఆంట్యె కూడా ఊదడం ఆపేసి, తండ్రి తేరుకునేదాకా ఆగింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సిగ్రూన్ సోఫాలో కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. అలికిడికి కళ్లు తెరిచింది.

"నెమ్మది భాగంలో నీకంత మంచి పాట ఉందని నాకు తెలీదు," అన్నాడు నిలబడే.

"నీకు వినపడితేగా! నువ్వెప్పుడూ పైనే ఉంటావు."

"మొదటి ఒబో నువ్వు తీసుకో సిగ్రూన్. కింద నేనుంటాను. నేర్చుకుంటాను."

"ఇవాళ నాకు పైదీ వద్దు, కిందదీ వద్దు."

"సరే. ఇవాళ ఏదీ వద్దు."

ఆమె కాళ్లు ముడుచుకుని, అతను కూర్చోవడానికి చోటిచ్చింది.