శాంపిల్ పెండ్లికార్డు

"ఏందప్పా, పొద్దున్నుంచీ అదే పని చేస్తాండావు?"

త్రివిక్రమరావు కీబోర్డు మీద నుంచి తలెత్తాడు. ఎదురుగా ఆ రోజే పనిలో చేరిన కొత్తమ్మాయి. తడి గొడుగు తెచ్చి అతని బల్లకే ఆనించింది. నీళ్ళు బొట్లు బొట్లుగా పెండ్లికార్డుల మీద పడుతున్నాయి.

"ముందు ఆ గొడుగు తీయి. మైదుకూరోళ్ళ కార్డులవి. తడిస్తే జమాల్ భాయ్ నన్ను బతకనీడు."

గొడుగు తీసింది కానీ, చూపు మాత్రం అతని కంప్యూటర్ మీద నుంచి తీయలేదు.

"ఇన్ని అడ్రసులూ నువ్వే కూర్చుని ఊరి ప్రకారం సర్దుతాండావా?"

"చేతులుండేది దేనికి?"

"మరి తలకాయ ఉండేది దేనికి?"

ప్రొద్దుటూరులో ఇంటర్నెట్ సెంటర్లు అప్పుడప్పుడే వెలుస్తున్న రోజులవి. పెండ్లికార్డులంటే జమాల్ భాయ్ ప్రెస్సే. త్రివిక్రమ్ జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ కార్డులు కంపోజ్ చేసేవాడు. ఈ గొడుగు పిల్ల పేరు అలివేలుమంగ. పులివెందులలో పౌరోహిత్యం చేసే జనార్దనంగారి కూతురు. కంప్యూటర్ డిప్లొమా చేసి, ప్రొద్దుటూరులో పిన్నమ్మ ఇంట్లో ఉంటూ ఉద్యోగానికి వచ్చింది.

మధ్యాహ్నానికల్లా ఆమె ఓ చిన్న ప్రోగ్రాం ముక్క రాసింది. బటన్ నొక్కితే చాలు, అడ్రసులన్నీ బుద్ధిగా విడిపోయాయి. మైదుకూరు ఒకవైపు, వీరపునాయునిపల్లె ఒకవైపు. త్రివిక్రమ్ తెరిచిన నోరు మూయలేదు.

అది మొదలు వారానికో ముక్క వచ్చేది. తేదీ ఇస్తే వారం చెప్పేది ఒకటి. ఒకే ఇంటి అడ్రసు రెండుసార్లు పడితే పట్టుకునేది ఒకటి. వధూవరుల పేర్లిస్తే కార్డులో వాటి చోట్లలో కూర్చోబెట్టేది ఇంకొకటి. అన్నిటినీ 'చిట్కాలు' అని ఒక ఫోల్డర్‌లో పెట్టింది. త్రివిక్రమ్ వాటిని ఉన్నవి ఉన్నట్టే కాపీ కొట్టి అతికించేవాడు.

"చదవకుండా అతికించొద్దని చెప్పినానా, లేదా?"

"తలనొప్పి బిళ్ళ మింగేటప్పుడు దాంట్లో ఏముందో చదువుతామా?"

"అందుకే నీ తలనొప్పులన్నీ నాకొస్తాండాయి!"

ఒకరోజు ఆ ప్రోగ్రాంలో ఆమె పెట్టిన శాంపిల్ కార్డులో వధువు పేరు చూసి అడిగాడు. "ఏంది, నీ పేరే పెట్టుకున్నావు?"

"ఊర్లో పెండ్లికాని పిల్లల పేర్లు తెచ్చి పెడితే ఊరుకుంటారా? నా పేరైతే అడిగే దిక్కుండదు."

"వరుడి చోటు ఖాళీగా ఉండాదే?"

"ఉండనీ. దానికేం తొందర?" అని కిటికీలోంచి వాన చూసింది. వాన వెలిసి చాలాసేపయింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక త్రివిక్రమ్ ఆ ఖాళీలో తన పేరు కొట్టాడు. టెస్టింగే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆమె పేరు పక్కన తన పేరు ఎంత బాగుందో! చెరిపేయడానికి మనసొప్పక సేవ్ చేసి, దొంగలా చుట్టూ చూసి ఇంటికి పోయాడు.

సోమవారం మంగ దిగులుగా వచ్చింది.

"వచ్చే శుక్రవారం కడప నుంచి పెండ్లిచూపులకొస్తాండారు. నాయన మాటిచ్చేసేటట్టుండాడు."

త్రివిక్రమ్ టైపు చేయడం ఆపాడు. "నువ్వేం చెప్పినావు?"

"ఏమని చెప్పేది? నన్ను కావాలన్నోళ్ళు ఇంకెవరుండారు?" అని అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

మన వీరుడు, "టీ తెప్పించనా?" అన్నాడు.

ఆ రోజంతా అతని బుర్ర అతని దగ్గర లేదు. సాయంత్రం ఇంకో మైదుకూరు పెండ్లి కార్డు కోసం ప్రోగ్రాం ముక్క అతికించాడు కానీ, అందులో శాంపిల్ పేర్లు మార్చలేదు. ప్రింట్ నొక్కి, బస్సుకు టైమైందని పరిగెత్తాడు. శాంపిల్ కార్డు శుభ్రంగా ప్రింటయి బయటికొచ్చింది.

ఆ ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పెండ్లికార్డైనా సరే, మొదటిదానికి జమాల్ భాయ్ స్వయంగా నాలుగు మూలలా పసుపు పూసి, పెండ్లికూతురి ఇంట్లో ఇచ్చి వస్తాడు. ఆయన తండ్రి నాటి నుంచీ అంతే. ఆ సాయంత్రం కార్డు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

'పిల్లలు నాకు చెప్పడానికి సిగ్గుపడినట్టుండారు!' అనుకుని మురిసిపోయాడు. తెల్లారగానే పసుపు కార్డూ డజను అరటిపండ్లూ పట్టుకుని పులివెందుల బస్సెక్కాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు ఆయన ముఖం వాడిపోయి ఉంది. వెనకాలే జనార్దనంగారు, చేతిలో కార్డుతో.

"ఇదేందమ్మా?"

మంగ తెల్లబోయింది. "ప్రోగ్రాంలో తప్పు పడింది నాయనా. ఉత్త శాంపిల్. దీంట్లో ఏం లేదు."

త్రివిక్రమ్ 'అవును' అంటే అంతటితో పోయేది. ఉద్యోగం నిలిచేది, జమాల్ భాయ్ మర్యాదా నిలిచేది. శుక్రవారం కడప వాళ్ళు వచ్చేవాళ్ళు. మంగ ఇంకెవరికో భార్య అయిపోయేది. ఆ సంగతి తలుచుకోగానే త్రివిక్రమ్ కుర్చీలోంచి లేచాడు.

"పెండ్లికూతురి పేరు శాంపిలే అయ్యా," అన్నాడు. "పెండ్లికొడుకు పేరు మాత్రం నేనే కొట్టినా. కావాలనే కొట్టినా. మీ అమ్మాయంటే నాకు శానా ఇష్టం. ఆమెతో చెప్పే ధైర్యం లేక కంప్యూటర్‌కు చెప్పుకున్నా. ఆమెకేం తెలీదు."

జనార్దనంగారు కూతురి వైపు తిరిగారు. "నీకు తెలీదా?"

మంగ తల వంచుకుంది. "తెలుసు నాయనా. రోజూ ఫైళ్ళన్నీ చూస్తా గదా. శనివారమే చూసినా. తీసేయబుద్ధి కాల్యా."

"చూసినావా?" అన్నాడు త్రివిక్రమ్ ఉలిక్కిపడి.

"చూసినా! నోరు తెరిచి చెప్తావేమోనని సోమవారం మాటెత్తినా. టీ తెప్పించినావు!"

జమాల్ భాయ్ పక్కున నవ్వి, పెద్దాయన ముఖం చూసి చప్పున ఆపుకున్నాడు.

జనార్దనంగారు కార్డును మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ఏం గోత్రం?"

"భారద్వాజ, అయ్యా."

"మాది కౌశిక." ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. "కడపోళ్ళకు నేనింకా మాటియ్యలేదులే. కానీ ఈ కార్డులో పెద్ద తప్పుండాది."

అందరూ కార్డు మీదికి వంగారు.

"ముహూర్తం మూఢంలో పెట్టినారు. సొంత కూతురి పెండ్లి మూఢంలో చేస్తే, రేపట్నుంచి నన్ను ఏ పెండ్లికి పిలుస్తారు? తేదీ నేను చూసిస్తా. ముందు మీ నాయనతో మాట్లాడాల. జమ్మలమడుగు బస్సు యాడ ఆగుతాది?"

"నేను చూపిస్తా, రాండి అయ్యా!" అంటూ త్రివిక్రమ్ ఒట్టికాళ్ళతోనే రోడ్డెక్కాడు. అతని చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని మంగ వెనకాలే పరిగెత్తింది.