నోటు మీద లేని కిటికీ

ఉదయం తొమ్మిదింటికి, కరెన్సీ నోట్ల ప్లేట్లు చెక్కే ఎన్‌గ్రేవర్‌ను ఆయన పనిబల్ల దగ్గరే కాల్చి చంపారు. పదింటికి ఆ కేసు గూఢచారి అయిన ఆయన కొడుక్కే అప్పగించారు. తండ్రి పోయిన దుఃఖానికి గంటసేపు చాలునని ప్రభుత్వ కార్యాలయాల అంచనా కాబోలు.

"కోడ్?" అన్నాడు చీఫ్.

"సిరా ఇంకా ఆరలేదు."

"కూర్చో, త్రాసూ. కొత్త నోటు వెనక పాత గ్రంథాలయం బొమ్మ. మీ నాన్న చెక్కిన ప్లేటు. దాంతో తీసిన ప్రూఫులు, నమూనా బొమ్మ అన్నీ ఎత్తుకెళ్లారు. ప్లేటు మార్చేలోపు అలారం మోగింది. ఇప్పుడు బల్ల మీద రెండు ప్లేట్లున్నాయి. ఒకటి విదేశీ ముఠాది. దాని జోడు సరిహద్దు అవతల ఉంది. పొరపాటున దాంతో అచ్చేశామో, వాళ్ల నోటూ మన నోటూ ఒకటే."

"ముద్రణ వాయిదా వేయండి."

"పదకొండున్నరకని మంత్రిగారు టీవీలో చెప్పేశారయ్యా!"

మెకానిక్ వేషంలో త్రాసు ప్రెస్సులో అడుగుపెట్టాడు. పెన్నులోని లేజర్ స్కానర్ రెండు ప్లేట్లకూ పచ్చలైటే వెలిగించింది. పక్కన నెమలి నిలబడి ఉంది; త్రాసులాగే అదీ మారుపేరే. ఆ ముఠాలో నాలుగేళ్లుగా మన గూఢచారిణి; పట్టుచీర, ముత్యాల దండ, ఖరీదైన చేతిసంచి.

"ఎడమదే అసలుది, తమ్ముడూ. భవనానికి పై అంతస్తులో పన్నెండు కిటికీలు. కుడిదాంట్లో పదకొండే. నకిలీ చేసినవాడికి లెక్కలు రావు పాపం!"

అతడు భూతద్దం పెట్టి కుడి ప్లేటు చూశాడు. నాలుగో కిటికీ తరువాత వట్టి గోడ. గీత పక్కన గీత, ఊపిరాడనంత దగ్గరగా.

ఇరవై ఎనిమిదేళ్ల క్రితం ఆ గ్రంథాలయం తగలబడినప్పుడు, అక్కడ పనిచేసే అతని తల్లి చివరిసారి కనబడింది ఐదో కిటికీలోనే. కింద భర్త చేతులు చాచి నిలబడ్డాడు. ఆమె దూకలేదు. ఆ తరువాత తండ్రీకొడుకులు ఆ వీధిలో నడవలేదు, ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఈ నమూనాను పెద్దల సంఘం మూడుసార్లు పరిశీలించి ఆమోదించింది. వారసత్వం గురించి ఉపన్యాసాలిచ్చిన ఆ పెద్దలలో కిటికీలు లెక్కపెట్టినవారు ఒక్కరూ లేరు.

మేస్త్రి ఎడమ ప్లేటు బిగించి స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"అక్కా, ఐదో కిటికీ ఆయన చెక్కుతుంటే చూశావా?"

"చూడకేం? పక్కనే ఉన్నా. రెండు రోజులు పట్టింది."

"మేస్త్రీ, ఆపు!"

మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చేతిసంచిలోకి వెళ్లిన నెమలి చెయ్యిని త్రాసు అక్కడే ఒడిసి పట్టుకున్నాడు. సంచిలో పిస్తోలు. దాని కింద, పొద్దున మాయమైన ప్రూఫు. అందులో పదకొండు కిటికీలే ఉన్నాయి.

దొంగ ఆ భవనాన్ని ఒక్క తప్పూ లేకుండా చెక్కాడు. వాడు చేసిన తప్పు అదే.

మధ్యాహ్నం చీఫ్ కొత్త నోటును వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎవడో ఒకడు లెక్కపెట్టి ఉత్తరం రాస్తాడు. ఏమని జవాబివ్వను?"

"ఆ రోజు మూసి ఉందని రాయండి."

"మూసిన కిటికీ అయినా కనబడుతుందిగా? మీ నాన్నకు కనబడలేదా?"

"మా నాన్నకు అది తప్ప ఇంకేదీ కనబడేది కాదు సార్."