పద్నాలుగు సంతకాలు

హిందీ మాట్లాడే ఊళ్లో, స్టీలు ప్లాంటు వారి సెక్టర్ 7 క్వార్టర్లో ఆ ఉదయం ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. యుగంధర్ పెన్ను కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. రోలింగ్ మిల్లులో పైఆఫీసరుకీ కింది కార్మికులకీ మధ్య నలిగే మేనేజరు అతను. అది చాలదన్నట్టు రెండు వారాల నాయకత్వ శిక్షణొకటి నెత్తిన పడింది. అక్కడ పేపరు కప్పులతో గోపురాలు కట్టించారు, చప్పట్లు కొట్టించారు. మిల్లు ఆగిందని ఫోనొస్తే తియ్యనివ్వలేదు.

పైగా హోంవర్కు! రోజూ ఇంట్లో ఒకరి మాట పది నిమిషాలు అడ్డు రాకుండా వినాలి, విన్నది రాయాలి, వాళ్లచేత సంతకం పెట్టించాలి. యుగంధర్ పద్నాలుగు రోజులదీ నిన్న ఒక్క టీ తాగేలోపు కల్పించి పారేశాడు.

"మేఘనా, ఇటురా. జల్దీ సంతకాలెట్టు, తొమ్మిదికి క్లాసు."

మొన్ననే పన్నెండో తరగతి పాసైన కూతురు కాగితం అందుకుంది. ఆమె చూపు ఆరో రోజు దగ్గర ఆగింది.

"ఇంజనీరింగు కోచింగుకి కోటా వెళ్తున్నందుకు నా కూతురికి చాలా సంతోషంగా ఉందట! నేనెప్పుడు చెప్పేను నాన్నా?"

"ఏదో రాసేను. ఎవడు చదువుతాడేటి?"

"నేను చదివేను కదా! మూడుసార్లు నీ దగ్గరికొచ్చేను. మూడుసార్లూ తర్వాత చూద్దాం అన్నావు. రేపు ట్రైనెక్కించేస్తావు. ముఝే నహీ జానా! నేను వెళ్లను!"

వంటింట్లోంచి భార్య వనజాక్షి వచ్చింది. "పిల్ల సరిగ్గా తిని మూడు వారాలైంది. ఇంట్లోవాళ్ల మాట ఇనమని మీకు కంపెనీవోళ్లు చెప్పాలేటండీ?"

"అక్కడ నా మాటెవడింటన్నాడు?" యుగంధర్ అరిచాడు. "బేరింగు మార్చమని నెల్రోజులై మొత్తుకుంటన్నాను. ఆ పైఆఫీసరు తర్వాత చూద్దాం అంటాడు. పైగా నాకే ఇనడం నేర్పుతాడు!"

అరిచాక, తనన్న మాట తన చెవినే పడింది. కూతురికీ తను అదే కదా చెప్పింది. అతనికి సిగ్గేసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పమ్మా."

"హిందీలో చెప్పనా?"

"ఏ భాషైతే ఏటి, చెప్పు."

ఇంజనీరింగు వద్దంది. రాయ్‌పూర్‌లో ఫిజియోథెరపీ చదువుతానంది. ర్యాంకు గురించీ జీతం గురించీ అతను రెండుసార్లు నోరు తెరవబోయి, వనజాక్షి చూపుకి మూసుకున్నాడు. ఫోన్ మోగింది. తియ్యలేదు. మేఘన ఒక్కసారిగా ఏడ్చేసింది.

"రేపటి ట్రైను వద్దులే," అన్నాడు యుగంధర్, తనూ కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా ఉందా తల్లీ?"

"చాలా ఉంది నాన్నా."