మూడో కౌంటర్‌కి వెళ్ళండి

"నేను ఒక్క సబ్జెక్టు కూడా ఫెయిల్ కాలేదండీ," అన్నాడు శూరుడు, అద్దానికి అవతల కూర్చున్న అమ్మాయితో.

"పాస్ కూడా కాలేదు కదండీ," అందామె, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

శూరుడు అతని అసలు పేరు కాదు. ఆరంభశూరుడని స్నేహితులు పెట్టిన పేరు, పిలిచేవాళ్ళ బద్ధకం వల్ల సగానికి సగం అరిగిపోయింది. గిటార్ రెండు వారాలు వాయించాడు. ఈత నేర్చుకోవడానికి వెళ్ళి, నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒడ్డు నుంచే తిరిగొచ్చాడు. కాలేజీలో ఏ సబ్జెక్టైనా మొదటి బెంచీలో కూర్చుని మొదలుపెట్టేవాడు. పరీక్ష దగ్గర పడగానే, ఫెయిలవుతానేమోనని డ్రాప్ చేసేసేవాడు. మార్కుల షీట్ మీద మచ్చ పడదు కదా! ఆ తెలివికి తనను తానే మెచ్చుకునేవాడు కూడా.

ఆ తెలివే ఇవాళ అతన్ని ఫీజు సాయం ఆఫీసుకి ఈడ్చుకొచ్చింది.

"మొదలుపెట్టినవాటిలో మూడింట రెండు వంతులు పాసైతేనే కాలేజీ మీ ఫీజు కడుతుంది," అందా అమ్మాయి. "మీవి సగం కూడా లేవు. వచ్చే టర్మ్ నుంచి సాయం ఆగిపోతుంది."

"వదిలేసినవి లెక్కలోకి రావు కదండీ?"

"మొదలుపెట్టారు కదండీ. వస్తాయి."

శూరుడికి తండ్రి లేడు, అక్కా బావల ఇంట్లో ఉంటున్నాడు. వంతెనలు కట్టాలని అతని కోరిక. "సగం కట్టి వదిలేస్తే ఎవడెక్కుతాడ్రా బామ్మర్దీ?" అని బావ నవ్వేవాడు. బావకి టైర్ల షాపుంది. చదువు ఆగిపోతే దిగులు పడొద్దని, షాపు యూనిఫాం చొక్కా శూరుడి కొలతలకి ముందే కుట్టించి ఇస్త్రీ చేయించి పెట్టాడు. బావ చాలా మంచివాడు. శూరుడి భయమంతా అదే.

"మరి నేనేం చెయ్యాలండీ?"

"అప్పీలు చేసుకోండి. ఎందుకు వదిలేశారో, ఇకముందు ఎందుకు వదిలెయ్యరో రాసివ్వాలి."

శూరుడు కిటికీ పక్కన కూర్చుని జ్వరం అని రాశాడు. ఆమె చదివింది.

"అన్ని సబ్జెక్టులకీ జ్వరమేనా?"

"కొన్నిటికి తలనొప్పండీ."

"మీరు నమ్ముతారా ఇది?"

"భయమేసి వదిలేశానండీ!" అన్నాడు, ఒళ్ళు మండి. "పరీక్ష హాల్ దాకా వెళ్ళడానికి భయం. చాలా?"

"చాలు. అదే రాయండి."

అప్పుడే ఆమె మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో జాలీ లేదు, వెటకారమూ లేదు. శూరుడికి ఎందుకో గుండె తేలికపడింది. ఆమె కళ్ళు బాగున్నాయని కూడా గమనించాడు కానీ, అప్పీలులో ఆ విషయం రాయలేదు.

ఆఫీసు పెద్ద అయిన మేడమ్ అప్పీలు ఒప్పుకుంది. ఒక్క టర్మ్ గడువు. అన్నీ పాసవ్వాలి, ఒక్కటి వదిలేసినా సాయం అక్కడితో ఆఖరు. వారం వారం మొదటి కౌంటర్లో హాజరు చూపించి సంతకం పెట్టించుకోవాలి.

మొదటి కౌంటర్ అంటే ఆ అమ్మాయే. ఆమె కూడా అక్కడి విద్యార్థినే. స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతూ, క్లాసులు లేనప్పుడు ఆఫీసులో పనిచేస్తుంది. శూరుడికి కొరకరాని కొయ్యగా ఉన్న సబ్జెక్టు కూడా స్టాటిస్టిక్సే. సంతకం కోసం వెళ్ళినవాడు ఒక సందేహం అడిగాడు. తర్వాత సందేహాల కోసం వెళ్ళి సంతకం మర్చిపోవడం మొదలుపెట్టాడు.

"సంచిలో ఎర్రబంతులు, నల్లబంతులు ఉన్నాయి," అనేది ఆమె.

"ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను. లెక్క చెయ్యి."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బస్ స్టాప్ రేకుల కప్పు సరిగ్గా మధ్యలో కారుతోంది. చెరో పక్కా నిలబడితే సరిపోయేది. ఇద్దరూ ఒకే పక్కన నిలబడ్డారు.

"నీతో ఒక మాట..." అన్నాడు శూరుడు.

"చెప్పు."

ఆమె నిజంగానే వింటోంది. అది చూసి అతను భయపడి, చూపు వాన వైపు తిప్పేశాడు.

"ఏం లేదులే. వాన బాగా పడుతోంది కదా."

ఆమె కాసేపు వానని పరిశీలించింది. "ఇది కూడా డ్రాపేనా?"

"...అవును."

"మొదలుపెట్టావు. లెక్కలోకి వస్తుంది," అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా శూరుడు ఆ మాటనే తిప్పి తిప్పి ఆలోచించాడు. మరుసటి వారం తల దువ్వుకుని కౌంటర్‌కి వెళ్ళాడు.

"మూడో కౌంటర్‌కి వెళ్ళండి," అందామె.

"నేనే!"

"తెలుసండీ. మీ ఫైలు అక్కడుంది."

"ఎందుకు?"

"రూలు."

"ఏం రూలు?"

"మీకే తెలియాలి. తర్వాతివాళ్ళు రండి."

'మీరు' తిరిగొచ్చింది. మూడో కౌంటర్లో ఉన్న పెద్దాయన అతని కాగితం చూసి "ఊఁ" అన్నాడు. ఏం చెప్పినా ఆయన "ఊఁ" అనే అంటాడు. వానలో తను నోరు జారినందుకే ఆమె తనని వదిలించుకుందని శూరుడు తీర్మానించుకున్నాడు. నిజానికి నోరు జారి ఉంటే బాగుండేది. ఆమె బస్ స్టాప్‌లో నిలబడే ఉండేది కానీ, అతను వెనక గేటు నుంచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

చదువు కూడా వెనక గేటు పట్టింది. పుస్తకం తెరిస్తే బంతులు, బంతులు చూస్తే ఆమె. పరీక్ష రోజు పొద్దున్నే స్టాటిస్టిక్స్ డ్రాప్ చేసే కాగితం పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాడు.

"దీంతో సాయం ఆఖరు. తెలుసుగా బాబూ?" అందావిడ.

"తెలుసు మేడమ్. ఎలాగూ ఫెయిలవుతాను."

"మీ అమ్మాయి అలా అనలేదే!"

"ఏ అమ్మాయండీ?"

"మొదటి కౌంటర్ అమ్మాయి. సొంతవాళ్ళ ఫైలు మా వాళ్ళు ముట్టుకోకూడదు. మీ ఇద్దరికీ సంబంధం ఉందని చెప్పి, తనే తెచ్చి అప్పగించింది. పాసవుతాడు మేడమ్ అని కూడా అంది."

శూరుడు కుర్చీ పట్టుకున్నాడు. "ఏం సంబంధమండీ?"

"అది గోప్యం. చెప్పకూడదు."

"సంబంధం నాతోనే కదండీ!"

"నిజమే," అని ఒప్పుకుంది మేడమ్. "అయినా చెప్పకూడదు. పరీక్ష ఎన్నింటికి?"

అతను కాగితం చింపి, చెత్తబుట్టలో వేసి, పరుగు తీశాడు. హాల్లో అరగంటకే చెమటలు పట్టాయి. పక్కవాడు అదనపు పేపరు అడిగాడు. ఆ శబ్దానికే పాత శూరుడు లేచి వెళ్ళిపోయేవాడు. ఈ శూరుడికీ లేవాలనిపించింది. చాలా భయమేసింది. భయపడుతూనే రాశాడు, వచ్చినంత రాశాడు, పేపర్లు లాక్కునేదాకా కూర్చున్నాడు.

ఫలితాలొచ్చాయి. మూడో కౌంటర్ పెద్దాయన స్క్రీన్ చూసి "ఊఁ" అని, కాసేపాగి, "సాయం కొనసాగుతుంది" అన్నాడు. శూరుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఒక సంగతి తట్టింది. ఆ ఆఫీసులో తన ఫలితం చూడకూడని మనిషి ఒక్కరే ఉన్నారు.

మొదటి కౌంటర్ దగ్గర పెద్ద క్యూ. వెళ్ళి చివర నిలబడ్డాడు. అతని వెనక మరో నలుగురు చేరారు. ఎట్టకేలకు అద్దం ముందుకొచ్చాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"మూడో కౌంటర్‌కి..."

"అక్కణ్ణించే వస్తున్నా. పాసయ్యాను."

ఆమె చేతిలోని ముద్ర బల్ల మీద పడింది. "స్టాటిస్టిక్స్‌లో ఎన్ని మార్కులు?"

"పాస్ మార్కు కన్నా ఒకటి ఎక్కువ."

"ఒకటా! అన్ని రోజులు చెప్తే ఒకటా?" అంది కోపంగా. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోటుంది," అన్నాడు శూరుడు. వెనక క్యూ అంతా చెవులు రిక్కించింది. "నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. వానలో చెప్పాలనుకున్నది అదే. వాన గురించి కాదు."

ఆమె తల ఊపింది. "నాక్కూడా. ఆఫీసులో ఎప్పుడో చెప్పేశాను."

"ఏమని చెప్పావు?"

"స్నేహితుడని చెప్తే ఫైలు నేనే చూడాలట. చూస్తే పక్షపాతం చేస్తానని భయమేసింది. అందుకని కాబోయే మొగుడని చెప్పాను."

"నన్నడక్కుండానా?"

"నువ్వు చెప్పేదాకా ఆగితే నేను రిటైరైపోతాను," అందామె. "వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో. అయిదింటికి నా పనైపోతుంది. మీ అక్కావాళ్ళింటికి వెళ్దాం."

శూరుడు వెళ్ళి కూర్చున్నాడు. దాహమేసినా లేవలేదు.